కష్టాలు విశ్వాసాన్ని నిజంగానే బలపరుస్తాయా?

"కష్టాలు వస్తేనే విశ్వాసం బలపడుతుంది" అనే మాట క్రైస్తవ సంఘంలో ఎంత మామూలైపోయిందంటే, అది నిజమా కాదా అని ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ. కానీ చుట్టూ చూడండి. ఒకే ఇంట్లో ఒకే మరణం. భార్య మునుపటికన్నా గట్టిగా వాక్యాన్ని పట్టుకుంటుంది, భర్త ఆ రోజు నుంచి ఆరాధనకు రావడం మానేస్తాడు. ఇద్దరికీ వచ్చిన కష్టం ఒకటే, బలపరిచేది కష్టమే అయితే ఇద్దరూ బలపడాలి కదా. కాబట్టి కష్టానికి దానంతట దానికి విశ్వాసాన్ని పెంచే శక్తి లేదని నా అభిప్రాయం. ఆ కష్టంలో మనిషికీ దేవునికీ మధ్య మాటలు నడుస్తున్నాయా ఆగిపోయాయా, చుట్టూ ఉన్నవాళ్లు ఏం చెబుతున్నారు, అంతకుముందే మనసులో దేవుని గురించి ఎలాంటి ఊహ ఉంది, వీటిని బట్టే ఫలితం ఉంటుంది.

"అదేంటి, శ్రమ ఓర్పును పుట్టిస్తుందని బైబిలే చెప్పింది కదా" అంటారు. చెప్పింది, రెండు చోట్ల చాలా స్పష్టంగా చెప్పింది. కానీ ఆ రెండు చోట్లా మనం సగం చదివి ఆపేస్తాం. యాకోబు పత్రిక 1:2–4లో శోధనల్లో ఆనందించమని, విశ్వాసానికి కలిగే పరీక్ష ఓర్పును పుట్టిస్తుందని ఉంది. వెంటనే 5వ వచనంలో ఏముంది? మీలో ఎవరికైనా జ్ఞానం కొదువగా ఉంటే దేవుణ్ణి అడగండి, ఆయన ఎవర్నీ గద్దించకుండా ఇస్తాడు అని. అంటే కష్టంలో ఉన్నవాడికి ఏం చేయాలో తోచదని యాకోబుకు ముందే తెలుసు, అయోమయంలో ఉన్నందుకు వాణ్ణి తిట్టడం లేదు, అడగమంటున్నాడు. రోమా 5:3–5 కూడా అంతే. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షకు నిలిచిన స్వభావాన్ని, ఆ స్వభావం నిరీక్షణను కలిగిస్తుందని పౌలు వరసగా చెబుతాడు గానీ, ఆ అధ్యాయం మొదలయ్యేది "దేవునితో మనకు సమాధానం ఉంది" అనే మాటతో. ఆ వరస ముగిసేది పరిశుద్ధాత్మ ద్వారా మన హృదయాల్లో కుమ్మరించిన దేవుని ప్రేమతో. ముందూ వెనకా ప్రేమే ఉంది, శ్రమ మధ్యలో ఉంది. కష్టపడితే దేవుడు ఇష్టపడతాడు అనే లెక్క ఇక్కడ ఎక్కడా లేదు.

మరి కష్టం వచ్చినప్పుడు మనలో విరిగేది ఏమిటి? చాలామందిలో మొదట విరిగేది దేవునిమీద నమ్మకం కాదు, దేవునితో మనం పైకి చెప్పకుండా కుదుర్చుకున్న ఒక ఒప్పందం. నేను క్రమంగా ప్రార్థన చేస్తాను, దశమభాగం ఇస్తాను, పిల్లల్ని భక్తిలో పెంచుతాను, నువ్వు నా ఇంటిమీదికి పెద్ద ఆపద రానీయకు. ఎవరూ ఇలా నోటితో అనరు. కానీ ఆపద వచ్చిన రోజున "ఇంత చేశాను కదా, నాకే ఎందుకు" అని లోపలినుంచి వచ్చే మాట ఆ ఒప్పందాన్ని బయటపెడుతుంది. ఆ బాధ తప్పని నేను అనడం లేదు, అది చాలా సహజం. కాకపోతే ఆ ఒప్పందం మీద దేవుడు ఎప్పుడూ సంతకం పెట్టలేదు.

భక్తిపరుడైన యోబు ఆస్తినీ, పదిమంది పిల్లల్నీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న కథ చెప్పే యోబు గ్రంథం మొత్తం తిరిగేది దీని చుట్టే. మొదటి అధ్యాయంలో సాతాను అడిగిన ప్రశ్న గుర్తుందా: "యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు గలవాడాయెనా?" లాభం లేకుండా దేవుణ్ణి ఎవరైనా ప్రేమిస్తారా అన్నదే ఆ ప్రశ్న. తర్వాత వచ్చిన ముగ్గురు స్నేహితులు, ఎలీఫజు, బిల్దదు, జోఫరు, తమకు తెలియకుండానే సాతాను లెక్కనే సమర్థిస్తూ మాట్లాడారు. మంచివాడికి మంచి, చెడ్డవాడికి చెడు, నీకు చెడు జరిగింది కాబట్టి నువ్వు ఏదో చేసే ఉంటావు. వినడానికి భక్తిగానే ఉంటుంది. యోబు మాత్రం దేవునిమీద అరిచాడు, పుట్టిన రోజును శపించాడు, నాతో వాదించు అని దేవుణ్ణే పిలిచాడు. చివరికి 42:7లో దేవుడు ఎలీఫజుతో ఏమన్నాడంటే, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు అని. దేవుణ్ణి కాపాడడానికి మాట్లాడినవాళ్లమీద దేవుడు కోప్పడ్డాడు, ఆయన్ని నిలదీసినవాణ్ణి సమర్థించాడు. బైబిల్లో నన్ను ఎక్కువసార్లు ఆపి ఆలోచింపజేసే చోటు ఇదే.

ఇంకో రెండు సంగతులు ఇక్కడ గమనించాలి. 38వ అధ్యాయం నుంచి దేవుడు మాట్లాడతాడు గానీ, పరలోకంలో సాతానుతో జరిగిన సంభాషణ గురించి యోబుకు ఒక్క ముక్క కూడా చెప్పడు. మనం చదివే మొదటి రెండు అధ్యాయాలు యోబు చదవలేదు. "ఎందుకు" అనే ప్రశ్నకు జవాబు దొరకకుండానే అతని కథ ముగిసింది. రెండోది, "నిన్ను గూర్చి విన్నాను, ఇప్పుడు కన్నులారా చూస్తున్నాను" అని యోబు అన్న మాట 42:5లో ఉంది, అతని ఆస్తి తిరిగి రావడం మొదలైంది 10వ వచనంలో. అప్పటికి ఒంటిమీది కురుపులు తగ్గాయని గానీ, ఒక గొర్రె అయినా తిరిగి వచ్చిందని గానీ అక్కడ రాసి లేదు. విశ్వాసం బలపడడం అంటే ఏమిటో చూపించే వచనం ఏదని నన్నడిగితే ఇదే చూపిస్తాను. అన్నట్టు తర్వాత ఆస్తి రెట్టింపయింది, పదిమంది పిల్లలు మళ్లీ పుట్టారు, కానీ చనిపోయిన పదిమంది చనిపోయినట్టే ఉన్నారు. దేవుడు యోబుకు అంతా తిరిగి ఇచ్చేశాడు అని తేలిగ్గా చెప్పేవాళ్లు బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదురుగా ఆ మాట అనగలరా?

"ఇది నా పాపానికి శిక్షా?"

కష్టంలో ఉన్న విశ్వాసిని అన్నిటికన్నా ఎక్కువగా నలిపేది ఈ ప్రశ్న. యేసుకు ఇది సూటిగానే ఎదురైంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే రెండూ కాదన్నాడు (యోహాను 9). సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికన్నా పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు (లూకా 13). జరిగిన ఆపదనుంచి వెనక్కి లెక్కగట్టి పాపాన్ని కనిపెట్టే పద్ధతిని ఆయన తోసిపుచ్చాడు. అలాగని మన పనులకు ఫలితాలే ఉండవని కాదు, మనిషి ఏమి విత్తితే ఆ పంటే కోస్తాడు అని గలతీ పత్రికలో ఉంది, ప్రేమించేవాణ్ణి ప్రభువు శిక్షించి దిద్దుతాడని హెబ్రీ 12లో ఉంది. అప్పులు చేసి జూదమాడినవాడి ఇల్లు పోతే దాని కారణం వెతకడానికి యోబు గ్రంథం అక్కర్లేదు.

తేడా ఎలా తెలుస్తుంది? నేను చూసినంతవరకు, దేవుడు పాపాన్ని చూపించేటప్పుడు స్పష్టంగా చూపిస్తాడు. ఫలానా మాట, ఫలానా డబ్బు, ఫలానా సంబంధం. దాన్ని ఒప్పుకుని, సరిదిద్దుకుని ముందుకు వెళ్లే దారి కూడా దానితోపాటే కనిపిస్తుంది. అలా కాకుండా ఏ పాపమో తెలియదు, ఎంత ఒప్పుకున్నా చాలదు, ఇంకా ఏదో ఉండే ఉంటుంది అంటూ రాత్రిళ్లు తవ్వి తవ్వి చంపే అపరాధభావం ఉంటే, అది దేవుని స్వరం అని దయచేసి అనుకోవద్దు. క్రీస్తుయేసునందు ఉన్నవారికి ఏ శిక్షావిధీ లేదని రోమా 8:1 చెప్పింది ఇలాంటి రాత్రుల కోసం కూడా.

ఈ విషయంలో బయటినుంచి ఒక పరిశోధన కూడా చెప్పాలి. అమెరికాకు చెందిన కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనుషులు కష్టాల్లో తమ మతాన్ని ఎలా వాడుకుంటారో ఏళ్ల తరబడి అధ్యయనం చేశాడు. ఆయన బృందం జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్న పెద్ద వయసువారిని గమనించి 2001లో ప్రచురించిన ఫలితాల్లో, దేవుడు నన్ను వదిలేశాడేమో, నన్ను ప్రేమించడం లేదేమో అనే పోరాటంలో ఉన్నవారికి ఆ తర్వాతి రెండేళ్లలో చనిపోయే ముప్పు ఎక్కువగా కనిపించింది. ఇది కారణమని తేల్చే రుజువు కాదు, కానీ ఒకటి ఆలోచించండి. మంచం పక్కన నిలబడి "నీలో ఏదో పాపం ఉంది, అందుకే స్వస్థత రాలేదు" అని ప్రార్థన చేసి వెళ్లే మనిషి ఎంత బరువు పెట్టి వెళుతున్నాడో.

ఇక్కడే ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీతో "ఇది నీ సిలువ, మోయాలి" అని చెప్పడం వాక్యం కాదు. పౌలు తనను కొరడాలతో కొట్టబోతుంటే రోమా పౌరుడినని చెప్పి ఆపించుకున్నాడు (అపొస్తలుల కార్యములు 22). దమస్కులో చంపడానికి కాచుకుని ఉంటే గంపలో కూర్చుని గోడమీదినుంచి దిగి తప్పించుకున్నాడు. ఒక ఊరిలో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మని యేసే శిష్యులకు చెప్పాడు. తప్పించుకోగలిగిన హింసనుంచి తప్పించుకోవడం విశ్వాసలోపం కానే కాదు. చట్టం సహాయం తీసుకోవాలంటే తీసుకోవాలి, అలా తీసుకున్నందుకు సంఘం ఆమె పక్కన నిలబడాలి.

వాగ్దానాలను చదివే తీరు

కష్టంలో మనకు వచ్చే మెసేజీల్లో ఎక్కువగా ఉండే వచనాలు మూడు నాలుగే. వాటిని తప్పుగా వాడడంవల్ల తర్వాత జరిగే నష్టం ఎక్కువ కాబట్టి కొంచెం ఆగుదాం. మేలు కలగడానికి సమస్తమూ సమకూడి జరుగుతాయనే రోమా 8:28ని చదివి, ఉద్యోగం పోయింది అంటే ఇంకా మంచి ఉద్యోగం వస్తుందన్నమాట అని చెబుతారు. ఆ మేలు ఏమిటో తర్వాతి వచనంలోనే ఉంది, కుమారుని సారూప్యంలోకి, అంటే యేసులా మారడం. ఉద్యోగం రావచ్చు, రాకపోవచ్చు. యిర్మీయా 29:11లో "మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవి" అనే మాట బబులోనుకు చెరపట్టబడిన ప్రజలకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోనిది, దానికి ముందు వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది అక్కడే చనిపోయి ఉంటారు. అందుకే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఆ ఉత్తరంలోనే రాశాడు. అలా చదివితే ఆ వాగ్దానం చిన్నదైపోతుందా? నాకైతే ఇంకా గట్టిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఈ నెలాఖరుకల్లా సమస్య తీరకపోయినా అది అబద్ధం కాదు.

"మోయలేని భారం దేవుడు ఇవ్వడు" అన్నది ఇంకొకటి. 1 కొరింథీ 10:13 చెప్పేది పాపంలో పడకుండా తప్పించుకునే మార్గం గురించి. భారం గురించైతే అదే పౌలు 2 కొరింథీ 1:8లో, మా శక్తికి మించిన భారంవల్ల బ్రతుకుతామనే ఆశ కూడా వదులుకున్నాం అని దాచుకోకుండా రాశాడు. మోయలేకపోతున్నాను అని చెప్పుకోవడానికి అపొస్తలుడికే సిగ్గు అనిపించలేదు, మనకెందుకు.

మాట ఆపకపోవడం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కష్టంలో బలపడినవాళ్లందరిలో నాకు కనిపించే ఒకే ఒక్క పోలిక, వాళ్లు దేవునితో మాట్లాడడం ఆపలేదు. బాగా మాట్లాడారని కాదు. ఏడ్చారు, కోప్పడ్డారు, కొన్ని రోజులు ఒకే వాక్యం అన్నారు. కానీ ఆయనతోనే అన్నారు.

బైబిలు దీనికి పూర్తి పాఠం ఇచ్చింది. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే, విలాపాలే. 13వ కీర్తన "ఎన్నాళ్లు" అని మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు అడుగుతుంది. 73వ కీర్తనలో ఆసాపు, దుర్మార్గులు హాయిగా ఉంటే నేను హృదయాన్ని శుద్ధిగా ఉంచుకోవడం దండగ అనేంతవరకు వెళ్లాడు. 88వ కీర్తన అయితే చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, చివర్లో "అయినా నేను స్తుతిస్తాను" అనే మలుపు కూడా లేదు. ఆ కీర్తనను గ్రంథంలోనుంచి తీసేయలేదు, ఆరాధనలో పాడడానికి ఉంచారు. ప్రతి ప్రార్థనా స్తుతితో ముగియాలని మనలో కొందరికి ఉన్న పట్టుదల బైబిలుకు లేదు.

"మరి అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగితే దేవుడు కోప్పడ్డాడు కదా" అనే సందేహం రావాలి. తేడా ఉంది. వాళ్లు గుడారాల్లో కూర్చుని దేవుని గురించి ఒకరితో ఒకరు చెప్పుకున్నారు, ఐగుప్తుకు తిరిగి పోదామన్నారు. కీర్తనకారులు అంతకన్నా ఘాటైన మాటలే అన్నారు గానీ దేవుని ముఖం మీద అన్నారు, ఆయన దగ్గరే ఉండి అన్నారు. ఫిర్యాదు చేసేవాడు జవాబు ఆశిస్తున్నాడు కాబట్టే ఫిర్యాదు చేస్తాడు, అందులోనే విశ్వాసం ఉంది. పూర్తిగా నమ్మకం పోయినవాడు ఎవరితో పోట్లాడతాడు?

యేసు దగ్గరికి వస్తే ఇది ఇంకా స్పష్టం. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో ఆయన ఈ శ్రమల గిన్నె నానుంచి తొలగించు అని మూడుసార్లు ప్రార్థించాడు. తొలగలేదు. సిలువమీద 22వ కీర్తన మొదటి మాటనే అరిచాడు, నన్నెందుకు చేయి విడిచావు అని. పౌలు తన శరీరంలోని ముల్లు కోసం మూడుసార్లు వేడుకున్నాడు, వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." ముల్లు మాత్రం తీయలేదు. కాబట్టి ప్రార్థనకు అడిగింది దొరకలేదంటే విశ్వాసం చాలలేదు అనే సూత్రాన్ని పట్టుకుంటే, ముందు యేసుకే విశ్వాసం చాలలేదనాల్సి వస్తుంది.

ఏమీ అనిపించని రోజుల సంగతి వేరుగా చెప్పాలి. మదర్ థెరిసా చనిపోయిన పదేళ్లకు, 2007లో, ఆమె తన ఆత్మీయ సలహాదారులకు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దాదాపు 50 ఏళ్లపాటు దేవుని సన్నిధి తెలియకుండా, లోపలంతా చీకటిగా ఉండేదని వాటిలో ఉంది. అదే 50 ఏళ్లు ఆమె తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసింది, రోజంతా రోగుల దగ్గర పనిచేసింది. అనుభూతి లేకపోవడం, విశ్వాసం లేకపోవడం ఒకటే అయితే ఆమె జీవితానికి అర్థం చెప్పలేం.

శరీరాన్ని కూడా మరచిపోవద్దు. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండమీద అంత విజయం చూసిన వెంటనే, చెట్టు కింద కూలబడి నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు (1 రాజులు 19). దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో తినిపించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. హోరేబులో నిమ్మళమైన స్వరం వినిపించింది ఆ తర్వాత, ఇంకా 40 రోజులకు. డిప్రెషన్‌కు మందులు వాడితే విశ్వాసం తక్కువ అనే మాట ఎవరైనా అంటే వినకండి, పౌలు పక్కన వైద్యుడైన లూకా ఉన్నాడు, తిమోతి కడుపునొప్పికి ఏం తీసుకోవాలో పౌలే చెప్పాడు. ఇక చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే, ఈ రోజే ఒక డాక్టరుతో, మీరు నమ్మే ఒక మనిషితో చెప్పండి. ప్రార్థన చేసుకుని చూద్దాం, వచ్చే వారం చూద్దాం అని ఆగొద్దు.

సంఘం చేయగలిగేది

సాక్ష్యాల సమయంలో మనం ఎవర్ని నిలబెడతాం? స్వస్థత పొందినవాళ్లను, ఉద్యోగం వచ్చినవాళ్లను. సంతోషమే, వాళ్లతో కలిసి స్తుతించాలి. కానీ ఏళ్లు ప్రార్థించినా బిడ్డ కలగని జంట, డయాలసిస్‌కు వెళ్లి వస్తూ నమ్మకంగా నిలిచిన ఒక పెద్దాయన ఎప్పుడూ వెనక వరసలోనే కూర్చుంటే, జవాబు రానివాళ్లు రెండో తరగతి విశ్వాసులు అనే పాఠం ఎవరూ చెప్పకుండానే అందరికీ చేరిపోతుంది. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో హేరోదు రాజు యోహాను సోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు, అదే అధ్యాయంలో పేతురు చెరసాలనుంచి దూత చేత విడుదలయ్యాడు. ఒకే సంఘం, ఒకే రాజు. యాకోబుకు విశ్వాసం తక్కువని ఆ గ్రంథం రాసిన లూకా ఎక్కడా రాయలేదు. హెబ్రీ 11 కూడా సింహాల నోళ్లు మూసినవాళ్లతో పాటు రంపాలతో కోయబడినవాళ్లను ఒకే పట్టికలో పెట్టింది. షద్రకు, మేషాకు, అబేద్నెగో తమను అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో చెప్పినదాంట్లో నాకు ఇష్టమైనది "మా దేవుడు రక్షించగలడు" అన్నది కాదు, దాని తర్వాతి "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నదే. వెనక వరసలో కూర్చున్న ఆ పెద్దాయన ప్రతి వారం జీవిస్తున్నది ఆ మాటనే. ఆయన్ని కూడా మాట్లాడనివ్వాలి.

పరామర్శకు వెళ్లేటప్పుడు ఏం మాట్లాడాలి అని టెన్షన్ పడేవాళ్లకు యోబు స్నేహితులే నేర్పుతారు. వాళ్లు ఏడు రోజులు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద కూర్చుని ఒక్క మాట కూడా అనలేదు (యోబు 2:13). అంతవరకు వాళ్లు చేసినదాంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు సమాధికి వెళ్లేముందు ఏడ్చాడు, లాజరు సోదరి మరియతో "ఏడవకు, చూడు ఏం చేస్తానో" అనలేదు. పత్రికల్లో ఉన్నది కూడా నిరీక్షణ లేనివారిలా దుఃఖపడొద్దని, అసలు దుఃఖపడొద్దని కాదు.

ఇప్పుడు మీరే అలాంటి రోజుల్లో ఉంటే, పెద్ద తీర్మానాలేవీ పెట్టుకోకండి. గంటసేపు ప్రార్థన కుదరకపోతే ఒక కీర్తన బయటికి చదవండి, మీ మాటలు రానప్పుడు ఆ మాటలు అరువు తీసుకోవచ్చు. జవాబు ఆలస్యమవుతుంటే 13, కోపంగా, అన్యాయంగా అనిపిస్తే 73, పాపం గుచ్చుతుంటే 51, భయంతో నిద్ర పట్టకపోతే 4 లేదా 121, ఏదీ మారేలా లేదనిపించే రోజుకు 88. చదివాక నమ్మబుద్ధి కాకపోతే, మార్కు 9లో జబ్బుపడిన కొడుకును తీసుకొచ్చిన తండ్రిలాగే అనండి, నమ్ముతున్నాను, నా అపనమ్మకం విషయంలో సహాయం చెయ్యి అని. యేసు ఆ తండ్రిని ముందు విశ్వాసం పెంచుకుని రమ్మనలేదు, అంతవరకే ఉన్న విశ్వాసంతో అతని బిడ్డను బాగుచేశాడు. ఆదివారం పాట పాడలేకపోయినా వెళ్లి కూర్చోండి, మిగతావాళ్లు పాడుతుంటే వినండి. నిజంగా ఎలా ఉన్నారో ఒక్క మనిషికైనా చెప్పండి, ఆ మనిషి వెంటనే వచనాలు చెప్పడం మొదలుపెడితే "ఇప్పుడు వద్దు, కాసేపు నాతో కూర్చో చాలు" అని అడగండి.